నడికట్టు

ఆ ఎండాకాలం మా ఇంటికి రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. నా భార్య మహిమ పేరు నర్సుగా రిజిస్టరైందని హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. రెండు రోజులకే, వాంతులు తగ్గడం లేదని ఆమెను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతే నెల తప్పిందన్నారు. మా అమ్మ సవరమ్మ రెండింటికీ కలిపి ఒకటే స్తోత్రం చెప్పి, సేమ్యా పాయసం వండి వాడంతా పంచింది. ఏది దేనికి అడ్డం పడుతుందో ఆ రోజు మాలో ఎవరికీ తోచలేదు. తోచేంత తెలివే ఉంటే నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి జీపు స్టీరింగు పట్టేవాణ్ణి కాదు.

అది రెండువేల ఆరు. మా ఇల్లు గోదావరికి ఇవతల, సారపాకలో. పొద్దున్నే వంతెన దాటి భద్రాచలం, అక్కడి నుంచి చర్ల రోడ్డు పట్టుకుని అడవిలోకి ట్రిప్పులు కొట్టేవాణ్ణి. లోపల ఎంతమంది పడితే అంతమంది, వెనక మెట్టు మీద వేలాడేవాళ్లు వేరే. సంతకు పోయే కోళ్లు, ఇప్పపూల మూటలు, జ్వరంతో మూలిగే మనుషులు, అందరూ నా బండిలోనే. ఆ బతుకు మీద నాకేమీ మోజు లేదు. మహిమ తెల్ల బట్టలేసుకుని డ్యూటీకి పోతే, ఆమెను దింపడానికి బండి తీసే రోజు ఒకటి వస్తుందని మాత్రం ఉండేది.

మహిమకు ఒకటే పట్టు. కాన్పు కాకముందే ఏదో ఒకదాంట్లో చేరిపోవాలి. తనతో చదివిన ఫరహా క్లాసులో ఫస్టు. పాసైన ఏడాదే బిడ్డ పుట్టింది. ఇప్పుడు ఖమ్మంలో అత్తగారి బట్టల కొట్టులో గుడ్డలు మడత పెడుతోంది. ఆ సంగతి మహిమకు నిద్రలో కూడా గుర్తుండేది.

“ఇప్పుడు కూసున్ననంటే మళ్ల లేవనయ్యా,” అంది నాతో. “ముందు పనిల చేరితే, కాన్పుకు సెలవు పెట్టి మళ్ల పోవచ్చు. చేరకపోతే ఇగ ఇంట్లనే.”

ఖమ్మంలో వైరా రోడ్డుకు అటూ ఇటూ ఉన్న నర్సింగ్ హోములన్నీ ఎక్కి దిగాం. ఆమె లోపలికి పోయేది, నేను మందుల కంపెనీ క్యాలెండరు కింద బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఒకచోట తలుపు తీసే ఉంది. డాక్టరుగారి భార్య సర్టిఫికెట్లు తిరగేసి, మార్కులు చూసి మెచ్చుకుంది. పెళ్లయిందా అని అడిగింది. అయిందంది మహిమ. పిల్లలా అని అడిగింది. నాలుగో నెల అని ఉన్నమాట చెప్పేసింది ఈమె. ఆవిడ సర్టిఫికెట్లన్నీ మళ్లీ కవర్లో పెట్టి, కవరు జాగ్రత్తగా సర్ది చేతికిచ్చింది.

“బిడ్డ కొంచెం పెద్దగయినంక రామ్మా. కాన్పుకు మాత్రం మా దగ్గరికే రా, మంచిగ చూస్తం.”

పని చెయ్యడానికి పనికిరానిది, బిల్లు కట్టడానికి పనికొచ్చింది. మెట్లు దిగుతూ ఆ మాటే అని నవ్వాను. మహిమ నవ్వలేదు.

వైరాలో ఒక డాక్టరు ఆమెతో మాట్లాడకుండా నన్ను పిలిపించాడు. కడుపుతో ఉన్నదాన్ని ఎండలో తిప్పుతున్నావు, నువ్వు మగాడివేనా అని అందరి ముందూ అడిగాడు. ఆ మగతనం మీ దగ్గర ఉద్యోగమేమన్నా ఇప్పిస్తుందా సార్ అన్నాను. వాచ్‌మన్ వచ్చి దారి చూపించాడు. మధిరలో చాలా మర్యాద చేశారు. ఫ్యాను కింద కూర్చోబెట్టి చల్లటి నీళ్లిచ్చారు, తల్లి ఆరోగ్యం ముఖ్యమని బోధ చేశారు, బస్సు టైము కూడా చెప్పారు. పని తప్ప అన్నీ ఇచ్చారు.

తిరుగు బస్సులో మహిమ కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చుంది. కొత్తగూడెం దాటాక అంది, “ఈసారి ఎవరన్న పిల్లలా అంటే, లేరని చెప్త. ఇంకా లేరు గద.”

జూన్‌లో భద్రాచలంలోనే దొరికింది పని. బస్టాండు వెనక సందులో మూడంతస్తుల నర్సింగ్ హోము. డాక్టరు ఆపరేషన్లు చేస్తాడు, ఆయన భార్య మనుషుల్ని చూసుకుంటుంది, వార్డంతా మేట్రన్ రాహేలమ్మ చేతిలో ఉంటుంది. రాహేలమ్మకు యాభై దాటి ఉంటాయి. నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఇంటర్వ్యూలో మహిమ చేత ఒక ముసలాయనకు సూది వేయించి, పక్క మార్పించి, రేపటి నుంచి రమ్మంది. డాక్టరు భార్య పిల్లలా అని అడగనే అడిగింది. ఇంకా లేరు మేడం అని ఈమె చెప్పనే చెప్పింది.

అప్పటికే కడుపు కనిపిస్తోంది. వదులు సల్వారు, దాని మీద తెల్లకోటు. అయినా పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. అందుకని మహిమ పాత కాటన్ చీరను నిలువుగా చించి పొడవాటి కట్టు చేసింది. మా దిక్కున బాలింతలు కట్టుకుంటారు నడికట్టు, బిడ్డ బయటికొచ్చాక, కడుపు మళ్లీ లోపలికి పోవాలని. మా ఇంట్లో అది బిడ్డ రాకముందే మొదలైంది.

చుట్టే పని నాది. తనంతట తాను చుట్టుకుంటే సమంగా రాదు. చేతులు పైకెత్తి గోడవైపు తిరిగి నిలబడి, కింది నుంచి పైకి రమ్మనేది. మడత పడనివ్వొద్దు, కొస లోపలికి దోపాలి, ముడి వెయ్యకూడదు. బండికి తాడు బిగించడం వచ్చు గానీ ఇది రాదని నేనంటే, అంత బిగించకు, ఇది బండి కాదు అనేది. ఒకరోజు చుట్టుతుంటే లోపలి నుంచి నా వేలిని ఎవరో నెట్టినట్టయింది. నా చెయ్యి ఆగిపోయింది. ఆమె కూడా ఊపిరి బిగబట్టింది.

“చుట్టు,” అంది. “టైమైతుంది.”

చుట్టాను.

ఆ రోజుల్లో ఆమెను చూసినవాళ్లెవరూ కష్టంలో ఉందనుకోరు. సాయంత్రం జీపెక్కగానే మొదలుపెట్టేది. నరం దొరకని పిల్లకు తాను ఒక్క గుచ్చుతోనే సెలైన్ పెట్టింది. ఆపరేషన్ గదిలో డాక్టరు చెయ్యి చాపకముందే కత్తెర అందించింది. రాహేలమ్మ పేరు పెట్టి పిలిచింది, అంతకుముందు ఓ అమ్మాయ్ అనేది. ఇంటికి రాగానే తలుపేసుకుని కట్టు విప్పేది. నడుం చుట్టూ ఎర్రటి వాతలు. వాటి మీద కొబ్బరినూనె రాసుకుంటూ కూడా వార్డు ముచ్చట్లే.

కట్టుగుడ్డను రోజూ ఉతికి లోపలే ఆరేసేది. వానలు పడి లోపల ఆరక, ఒకరోజు పెరట్లో తీగ మీద వేసింది. అమ్మ చూసింది. నడికట్టును గుర్తుపట్టని ఆడమనిషి ఉంటుందా. అమ్మ పొయ్యి దగ్గర కూలబడిపోయింది. కడుపులో బిడ్డ ఉండగా నడికట్టు కడతారా, లోపలి బిడ్డకు పొమ్మని చెప్పినట్టు కాదా అని ఏడ్చింది. మహిమ ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఊపిరాడేట్టే కడుతున్నామనీ, ఇంకొన్ని వారాలేననీ, అక్కడ పని నిలబడితే అప్పుడు తానే చెబుతాననీ. ఎవ్వరితోనూ అనొద్దని నేను గట్టిగా చెప్పాను.

“నేనెవరితోని అంటరా,” అంది అమ్మ. “నాకెవరున్నరు, ఆ దేవుడు తప్ప.”

ఆ మాట అక్కడే పట్టుకోవలసింది. పట్టుకోలేదు.

నెలకొక శుక్రవారం భద్రాచలంలో అన్ని సంఘాల ఆడవాళ్లూ కలిసి ఉపవాస ప్రార్థన పెట్టుకుంటారు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా. అమ్మను తీసుకురావడానికి పోయి, మందిరం ఎదురుగా రోడ్డు మీద జీపు ఆపి అద్దం తుడుస్తున్నాను. ఆ మందిరానికి గోడల కన్నా ముందు మైకు వచ్చింది. లోపల దగ్గినా బస్టాండులో వినబడుతుంది. ప్రార్థన విన్నపాలు నడుస్తున్నాయి. ఒకామె కొడుకు తాగుడు, ఒకామె మోకాళ్ల నొప్పులు. తర్వాత మా అమ్మ గొంతు.

“తండ్రీ, నా కోడలు మహిమ కడుపుతో ఉండి నడికట్టు కడుతుంది తండ్రీ. బస్టాండు ఎనక దవాఖానల చేస్తది. తెలిస్తే కొలువు తీస్తరని కడుతుంది. నా మనుమడికి ఏం కానియ్యకు తండ్రీ. ఆ డాక్టరమ్మ మనసు మెత్తగ చెయ్యి తండ్రీ.”

లోపల ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు. టీ కొట్టు దగ్గరి వాళ్లు నావైపు చూశారు. నా చేతిలో తడిగుడ్డ ఉంది, దాన్ని పిండుతూనే ఉన్నాను.

ప్రార్థన ముగిసి జనం బయటికొస్తున్నారు. మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటున్న ఆడవాళ్లలో తెల్ల చీరలో రాహేలమ్మ. అమ్మకు ఆమె ఎవరో తెలియదు. వందనాలమ్మా అంది. రాహేలమ్మ అమ్మ రెండు చేతులూ పట్టుకుని, వందనాలమ్మా అని, నావైపు ఒకసారి చూసి, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది.

వంతెన మీదికొచ్చాక ఆమె ఎవరో అమ్మకు చెప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ తప్పు ఒప్పుకోలేదు. తాను మనుషులతో చెప్పలేదంది. మైకులో చెప్పావు కదే అంటే, మైకు పెట్టింది పాస్టరమ్మ, నేనా అంది. దేవుడికి కూడా చాటుగా చెప్పుకోవాల్సిన పని ఎందుకు చేస్తున్నార్రా అని తిరిగి నన్నే అడిగింది.

ఆ రాత్రి మహిమకు అంతా చెప్పాను. మర్నాడు ఎప్పటిలాగే చేతులెత్తి గోడవైపు నిలబడింది.

రాహేలమ్మ ఏమీ అనలేదు. అదే పెద్ద హింసైంది. ఆ రోజు పోయింది, తర్వాతి రోజు పోయింది. మహిమకు పడిన నైట్ డ్యూటీ చార్టులో ఇంకొకరి పేరు మీదికి మారింది. పేషెంటును స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు రాహేలమ్మే వచ్చి పట్టింది. ఎందుకో చెప్పదు. నేను చర్ల ట్రిప్పులు ఎగ్గొట్టి నర్సింగ్ హోము సందు మొదట్లో బండి పెట్టుకుని, ఏ నిమిషాన సంచీ పట్టుకుని బయటికొస్తుందోనని చూస్తుండేవాణ్ణి. కిరాయికి వచ్చినవాళ్లను తిట్టి పంపాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. రాహేలమ్మ జీపెక్కి, కాలనీలో దింపమంది. వెనక సీట్లో మహిమ పక్కన కూర్చుంది. వాన మొదలైంది. అద్దం తుడిచే వైపర్లలో ఒక్కటే పనిచేస్తుంది నా బండికి. నేను రోడ్డూ చూడాలి, అద్దంలో వాళ్లనూ చూడాలి.

“నువ్వే వచ్చి చెప్తవని చూసిన,” అంది రాహేలమ్మ.

“మేడంకు చెప్తరా అమ్మా?”

“మీ అత్త ప్రార్థనకు అందరితోని నేను గూడ ఆమేన్ అన్న బిడ్డా. అన్నంక నా నోటితోని ఎట్ల చెప్త?”

మహిమ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాలనీ మలుపు తిరిగాక రాహేలమ్మ ఆమె నడుం వైపు చూసింది.

“కట్టు ఇప్పు,” అంది. “నేను గూడ కట్టిన. మా రోజులల్ల ఈ కోట్లు గూడ లెవ్వు, చీరలే. ఎవ్వరు కనిపెట్టలే. మంచిగ దాచిన.”

“బాబా, పాపనా అమ్మా?”

“చూపియ్యలే నాకు. తర్వాత ఇగ నిలవలే.” ఒక గుంతలో పడి బండి ఎగిరింది. ఆమె సీటు కడ్డీ పట్టుకుని మామూలు గొంతుతోనే అంది, “పిల్లల్లేరు గద, ఎప్పుడు పిలిచినా వస్తదని నన్ను మేట్రన్ చేసిండ్రు.”

ఇల్లొచ్చింది. దిగి, వానలో గొడుగు తెరవకుండానే నడిచిపోయింది. మహిమ ముందు సీటులోకి మారలేదు. ఇంటిదాకా వెనకనే కూర్చుంది.

మర్నాడు పొద్దున నేను గుడ్డ చుట్ట పట్టుకుని నిలబడ్డాను. ఆమె తల దువ్వుకుంటోంది.

“వద్దు,” అంది.

“మరి పని?”

“వద్దన్న గద.”

సల్వారు మీద కోటు వేసుకుంది. కోటు గుండీలు పట్టలేదు, వదిలేసింది. వంతెన కింద గోదావరి ఎర్రగా తిరిగింది, కొత్తనీరు. ఆమె కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని చూస్తూ కూర్చుంది. నేను ఏమన్నా అంటే తిరిగి ఇంటికి పోదామని అంటానేమోనని నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నానికల్లా బయటికొచ్చింది. డాక్టరు భార్య మెట్ల మీద చూసి, అక్కడే నిలబెట్టి, మోసం చేశావు అందట. నా పనిలో ఏమన్నా తక్కువైందా మేడం అని అడిగిందట మహిమ. తక్కువ కాలేదు, అందుకే మోసం అందావిడ. ఆ మాటకు అర్థమేమిటో ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు. పెద్ద చదువులవాళ్ల మాటలు అలాగే ఉంటాయి. రాహేలమ్మ గేటు దాకా వచ్చి సంచీ అందించి, అడవి దిక్కు దవాఖానాలకు వానాకాలం జ్వరాల కోసం నర్సుల్ని కాంట్రాక్టు మీద తీసుకుంటారనీ, ఎవరూ పోరనీ చెప్పి లోపలికి పోయిందట.

అక్కడికే పోతానని మహిమ అనగానే అమ్మ లేచింది. ఏడో నెలలో అడవికా, ఆ దోమలకా అని. మహిమ ఇంట్లో ఒక్కచోట కూర్చోలేదు. కడిగిన గిన్నెలే కడిగింది. వాకిట్లోకి పోయి వచ్చింది. వంతెన దిక్కు చూసి వచ్చింది. నేను కూడా వద్దనే అన్నాను, కాన్పయ్యాక చూద్దామన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చాక ఆమె నావైపు చూసిన చూపు వైరా డాక్టరు వైపు కూడా చూడలేదు. మర్నాడు పొద్దున తానే సంచీ తీసుకుని జీపులో కూర్చుంది.

భద్రాచలంలో సర్కారు దవాఖానాల ఆఫీసులో పెద్దాయన బల్ల నిండా ఫైళ్లు. తల ఎత్తి మహిమను నిండుగా చూశాడు. అప్పటికి దాచడానికేమీ లేదు. సర్టిఫికెట్లు తియ్యబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

“అక్కడ ఉంటవా? దినాం పోయొస్త అంటే కుదరది.”

“ఉంట సార్.”

సంతకం పెట్టేశాడు. ఆయన మంచివాడని అమ్మ ఇప్పటికీ ప్రార్థన చేస్తుంది. మంచితనం కాదు. కడుపుతో ఉన్న మనిషి అక్కడికి పోతే ఏమవుతుందని అడిగితే, అక్కడే పుట్టి అక్కడే కంటున్న ఆడవాళ్ల సంగతేమిటని కూడా అడగాలి. వాళ్ల గురించి ఎవరూ అడగరు. మహిమకు ఉద్యోగం ఆ సందులోంచి దొరికింది.

ఆగస్టులో సామానేసుకుని పోయాం. చర్ల రోడ్డు వదిలి, వాగు దాటి, చెట్ల మధ్య చాలా దూరం లోపలికి. రేకుల దవాఖానా, వెనక ఒక గది క్వార్టరు. అటెండరు సీతయ్య తాళాలు తెచ్చి తలుపులు తీశాడు. ఆ ఊరివాడే, మంచి మనిషి. డాక్టరు వారానికోసారి వస్తాడని, ఆ వారం కూడా వానను బట్టి ఉంటుందని చెప్పాడు. మహిమ మందుల గది చూసింది, నీళ్ల తొట్టి చూసింది, కాన్పుల గది ఏదని అడిగింది.

తలుపు తోస్తే లోపల బ్లీచింగ్ వాసన. గది నిండా దోమతెరల మూటలు, పౌడరు బస్తాలు. సీతయ్య బస్తాలు పక్కకు జరిపితే కింద కాన్పు బల్ల కనిపించింది. ఇనుపది. తెల్ల రంగు పెచ్చులూడి తుప్పు పట్టింది.

“ఇక్కడ కాన్పులు కావమ్మా,” అన్నాడు సీతయ్య. “ఆడోళ్లు రారు. ఇండ్లల్లనే కంటరు.”

“మొదట ఒకరు కంటే వస్తరు,” అంది మహిమ.

సీతయ్య ఆమె కడుపు వైపు చూసి, బకెట్టు తెస్తానని పోయాడు. నేను బస్తాలు మోశాను. మహిమ చున్నీ నడుముకు దోపుకుని బల్లను సబ్బుతో రుద్దింది, వేడినీళ్లు పోసింది, మళ్లీ రుద్దింది. చెయ్యి పెట్టి ఊపితే బల్ల ఊగింది. ఇది ఇట్లుంటే కాదు, సామాను తే అంది.

జీపులోంచి పానాలు తెచ్చి బల్ల కిందికి దూరాను. అక్టోబరులో మా కూతురు బ్లెస్సీ ఆ బల్ల మీదే పుట్టింది. పైగూడెం నుంచి వచ్చిన ముసలి మంత్రసాని ఒకామె, సీతయ్య పెళ్లాం చెయ్యి వేశారు, మహిమే వాళ్లకు చెబుతూ వాళ్ల చేత చేయించుకుంది. ఆ తర్వాత ఆ బల్ల మీద ఎందరు పుట్టారో రిజిస్టరులో ఉంది, నేను లెక్కపెట్టలేదు. కానీ ఆ రోజు బల్ల ఇంకా ఖాళీ. బోల్టులు తుప్పుతో పట్టేశాయి. కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, ఒక్కొక్కటే తిప్పాను. ఏ కాలు ఊగుతుందో చూడమని పైనుంచి చెప్పి, మహిమ మెల్లగా ఎక్కి పడుకుంది. నా ముఖం మీదుగా బల్ల కిర్రుమంది. తర్వాత బల్ల కుదురుకుంది.

“ఊగుతుందా?” అన్నాను.

“ఊగుతలేదు.” ఆమె అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది. ఇనుము కదలలేదు. “ఇంక కింద ఏం చేస్తున్నవ్, రా.”

బోల్టులన్నీ అప్పటికే బిగించేశాను. పానా ఊరికే పట్టుకుని, కళ్లు తుడుచుకుని, ఇంకొక బోల్టు ఉంది అన్నాను.